సరుకులో లోపం – కొనుగోలుదారు నమ్మకం

గత సంవత్సరం మన సొసైటీ జకాత్ నిధి నుంచి 24 మంది విద్యార్థులకు సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు ఇచ్చిన సంగతి దాతలకు తెలిసిందే. ఇచ్చిన రోజు తీసిన ఫొటో కూడా పోయిన సంచికలో అచ్చయింది. ఆ తర్వాత జరిగింది మాత్రం చాలామందికి తెలియదు. అది చెప్పడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాను గాని, రాస్తుంటే విషయం పెద్ద కంపెనీల దాకా పాకింది.

మూడు నెలలు దాటాక ఒక పాలిటెక్నిక్ అమ్మాయి ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకొని మా ఇంటికి వచ్చింది. వేలితో రాసే పలక భాగం పైకి ఉబ్బి, మూత సరిగా పడడం లేదు. ఎప్పటి నుంచి ఇలా ఉందని అడిగితే, రెండు నెలల నుంచి అంది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "ఉచితంగా ఇచ్చినదానికి వంక పెడితే బాగుండదని మా అమ్మీ వద్దంది సార్" అంది. లోపల బ్యాటరీ ఉబ్బింది. లిథియం బ్యాటరీ పాతబడినా, నాసిరకంది అయినా లోపలి ద్రవం విడిపోయి వాయువు పుడుతుంది. అది బయటికి పోయే దారి లేక గాలి నింపిన దిండులా ఉబ్బుతుంది. అలాంటిదాన్ని చార్జింగ్ పెట్టి పక్కన పడుకోవడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర లేదు. ఆ అమ్మాయి రెండు నెలలు అదే చేసింది.

మిగతా పిల్లలందరికీ కబురు పెట్టాం. వచ్చిన 22 ల్యాప్‌టాప్‌లలో ఏడింటికి అదే జబ్బు. ఆ ఏడుగురిలో ఒక్కరు కూడా తమంతట తాము వచ్చి చెప్పలేదు, ఆ మొదటి అమ్మాయి తప్ప.

ఫిర్యాదులు రాలేదు కాబట్టి సరుకు బాగుందని అమ్మేవాడు అనుకుంటాడు. నిజానికి కొనుగోలుదారుల్లో ఎక్కువమంది నోరు విప్పరు. మరుసటిసారి వేరే అంగడికి పోతారు, అంతే. ఫిర్యాదు చేసేవాడు ఒక రకంగా ఇంకా మనతో ఉన్నవాడు. ఈ సంగతి అర్థం చేసుకోవడానికి పెద్ద పెద్ద కంపెనీలకు కూడా కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి.

1994 నాటి ఇంటెల్ కంపెనీ కథ చూడండి. కంప్యూటర్లకు మెదడు లాంటి చిప్పును తయారుచేసే ఈ అమెరికా సంస్థ అప్పటికి పెంటియం అనే కొత్త చిప్పును మార్కెట్లోకి తెచ్చింది. వర్జీనియా రాష్ట్రంలోని ఒక కాలేజీలో థామస్ నైస్లీ అనే గణిత ఆచార్యుడు ప్రధాన సంఖ్యల మీద లెక్కలు చేస్తూ, తన కంప్యూటర్ ఇస్తున్న భాగహారం తప్పుగా ఉందని గమనించాడు. తన లెక్కలోనే తప్పుందేమోనని నెలల తరబడి వెతికాడు. చివరికి చిప్పుదే తప్పని తేల్చుకొని, 1994 అక్టోబరులో ఇంటెల్‌కు తెలియజేశాడు. తగిన జవాబు రాకపోవడంతో తోటి పండితులకు రాశాడు. అక్కడి నుంచి విషయం ప్రపంచమంతా పాకింది.

లోపం ఏమిటో లెక్కల మాస్టారుగా నాకు చెప్పాలని ఉబలాటం. భాగహారం వేగంగా చేయడానికి చిప్పులో ఎక్కాల పుస్తకం లాంటి ఒక పట్టిక ఉంటుంది. అందులో 1,066 గళ్ళలో విలువలు ఉండాలి. ఐదు గళ్ళు పొరపాటున ఖాళీగా పోయాయి. ఏ లెక్క ఆ గళ్ళను తాకితే ఆ లెక్క తప్పుతుంది. 41,95,835ను 31,45,727తో భాగిస్తే 1.33382 రావాలి. ఆ చిప్పు 1.33373 అని చెప్పేది. నాలుగో దశాంశ స్థానం నుంచే తేడా! మా పిల్లలెవరైనా ఇలా చేస్తే అర మార్కు కోసేవాణ్ణి.

తప్పు చిన్నదే. కాని ఇంటెల్ వాళ్ళకు ఆ తప్పు సంగతి నైస్లీ చెప్పకముందే తెలుసు. తమ సొంత పరీక్షల్లో బయటపడింది. కొత్తగా తయారయ్యే చిప్పుల్లో సరిదిద్దుకుంటూ, అప్పటికే అమ్మినవాటి గురించి మౌనంగా ఉన్నారు. విషయం రచ్చకెక్కాక, మామూలు వినియోగదారుడికి ఈ తప్పు 27,000 సంవత్సరాలకు ఒకసారి మాత్రమే ఎదురవుతుందని లెక్క చెప్పారు. అంత ఖచ్చితమైన లెక్కలు తమకు అవసరమని రుజువు చేసుకున్నవారికే చిప్పు మారుస్తామన్నారు. జనానికి ఒళ్ళు మండింది ఇక్కడే. నా డబ్బు పెట్టి నేను కొన్న వస్తువు, అందులో లోపం నీది, అది నాకు అవసరమో కాదో నేను నీ ముందు పరీక్ష రాసి నిరూపించుకోవాలా? డిసెంబరు 12న ఐబీఎం కంపెనీ ఆ చిప్పు ఉన్న కంప్యూటర్ల సరఫరా ఆపేసింది. డిసెంబరు 20న ఇంటెల్ క్షమాపణ చెప్పి, అడిగిన ప్రతివారికీ ప్రశ్నలు వేయకుండా మారుస్తామని ప్రకటించింది. అందుకోసం పక్కన పెట్టిన మొత్తం 47.5 కోట్ల డాలర్లు.

తీరా హక్కు చేతికి వచ్చాక, ఇళ్ళలో కంప్యూటర్ వాడుకునేవారిలో చాలా కొద్దిమందే చిప్పు మార్చుకున్నారని అప్పట్లో వార్తలు వచ్చాయి. అంటే జనం పోట్లాడింది చిప్పు కోసం కాదు. నీ మాట మీద నాకు అనుమానం వస్తే వెనక్కి తీసుకుంటావా అన్న ఒక్క హామీ కోసం. ఆ తర్వాత నుంచి ఇంటెల్ తన చిప్పుల్లో బయటపడే లోపాల జాబితాలను బహిరంగంగా ప్రచురించడం మొదలుపెట్టింది. లోపాల జాబితా అచ్చువేసే కంపెనీ దగ్గర జనం సరుకు కొనడం మానలేదు.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు మదీనా అంగడిలోని ధాన్యం కుప్ప గుర్తుకొస్తుంది. సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించిన ఆ హదీసు మన జుమా ప్రసంగాల్లో తరచూ వినేదే. దైవప్రవక్త (స) కుప్పలో చెయ్యి పెట్టి చూడగా వేళ్ళకు తడి తగిలింది. అడిగితే వాన పడిందని వర్తకుడు చెప్పాడు. అలాంటప్పుడు తడిసినదాన్ని జనానికి కనబడేలా పైన వేయలేదేం అని ప్రవక్త (స) ప్రశ్నించి, మోసగించేవాడికి తమతో సంబంధం లేదని కఠినంగా హెచ్చరించారు. మనం చివరి హెచ్చరికనే గుర్తుపెట్టుకుంటాం. దానికి ముందున్న ప్రశ్న మీద అంతగా దృష్టి పెట్టం. వాన పడడం వర్తకుడి తప్పు కాదు. తడిసిన ధాన్యం అమ్మకూడదని కూడా ఆయన (స) అనలేదు. పైన వేయమన్నారు. కొనేవాడు చూసి, దానికి తగిన ధర కట్టి తీసుకుంటాడు. వర్తకుడి నేరమల్లా తడిని కింద దాచడమే.

శాంసంగ్ సంగతి కొంచెం వేరు. అక్కడ తడి దాచలేదు, తడి ఎక్కడుందో పూర్తిగా వెతకకుండానే కుప్ప ఆరిందన్నారు. 2016 ఆగస్టు 19న గెలాక్సీ నోట్ 7 ఫోను విడుదలైంది. రెండు వారాలు తిరక్కుండానే చార్జింగ్‌లో ఫోన్లు కాలిపోతున్నాయని కబుర్లు వచ్చాయి. సెప్టెంబరు 2న కంపెనీ 25 లక్షల ఫోన్లను వెనక్కి పిలిచింది. అప్పటికి వారి దృష్టికి వచ్చిన ఘటనలు 35 మాత్రమే. వెంటనే స్పందించారని అందరూ మెచ్చుకున్నారు. ఒక కంపెనీ దగ్గర కొన్న బ్యాటరీలే చెడ్డవని అనుకొని, మరో కంపెనీ బ్యాటరీలు వేసి కొత్త ఫోన్లు ఇచ్చారు. అవి కూడా కాలాయి! అక్టోబరు 5న అమెరికాలోని లూయీవిల్‌లో బయలుదేరబోతున్న విమానంలో మార్చి ఇచ్చిన ఫోను నుంచే పొగ వచ్చి, ప్రయాణికులందరినీ దించేశారు. అక్టోబరు 11న ఆ ఫోను తయారీనే నిలిపివేశారు. ఆ రోజుల్లో ఉమ్రాకు గాని, గల్ఫ్‌కు గాని విమానంలో వెళ్ళినవారికి గుర్తుండే ఉంటుంది, ఆ ఫోను పేరు చెప్పి మరీ హెచ్చరించేవారు.

సాధారణంగా ఇంత పరువు పోయాక ఏ కంపెనీ అయినా ఆ పేరెత్తడం మానేసి, జనం మరచిపోయేదాకా ఎదురుచూస్తుంది. శాంసంగ్ అలా చేయలేదు. సుమారు 700 మంది ఇంజనీర్లు 2 లక్షల ఫోన్లను, 30 వేల బ్యాటరీలను పరీక్షించారు. 2017 జనవరి 23న విలేఖరులను పిలిచి కారణం చెప్పారు. మొదటి రకం బ్యాటరీ మూల ఒకటి నొక్కుకుపోయి లోపలి పొరలు వంగాయి. రెండో రకంలో అతుకు దగ్గర లోహపు మొనలు మిగిలిపోయి మధ్య పొరను గుచ్చాయి. బ్యాటరీ తయారీదారుల పేరు చెప్పి తప్పించుకోకుండా, పూర్తిగా పరీక్షించకపోవడం తమ బాధ్యతేనని ఒప్పుకున్నారు. ఆ ఏడాదే గెలాక్సీ ఎస్8, నోట్ 8 వచ్చాయి, జనం కొన్నారు. నోట్ అనే పేరును కూడా మార్చకుండానే అమ్మారు.

ఈ కంపెనీకి పాత కథ ఇంకొకటి ఉంది. 1995లో ఛైర్మన్ లీ కున్‌హీ బహుమతులుగా పంచిన ఫోన్లు పనిచేయడం లేదని తెలిసి, గుమి పట్టణంలోని ఫ్యాక్టరీ ఆవరణలో దాదాపు లక్షన్నర ఫోన్లు, ఇతర పరికరాలు కుప్పపోయించి రెండు వేల మంది కార్మికుల ఎదుట తగలబెట్టించాడు. బహుమతిగా ఇచ్చిన వస్తువు చెడిపోతే ఆ సిగ్గు ఎలా ఉంటుందో ఈ ఏడాది నాకూ కొంత తెలిసింది.

యాపిల్ కంపెనీ ఐఫోన్ల విషయం దీనికి ఎదురు. బ్యాటరీ పాతబడ్డ ఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోకుండా, సాఫ్ట్‌వేర్ ద్వారా వాటి వేగాన్ని తగ్గించారు. సాంకేతికంగా అది తప్పుడు పని కాదు, ఒక రకంగా వైద్యమే. కాని రోగికి చెప్పకుండా చేశారు. ఫోను నెమ్మదించింది కాబట్టి ఇక కొత్తది కొనాల్సిందేనని జనం అనుకున్నారు. నిజానికి బ్యాటరీ మార్చుకుంటే సరిపోయేది. 2017 డిసెంబరులో బయటివాళ్ళు పరీక్షలు చేసి బయటపెట్టాక కంపెనీ ఒప్పుకుంది, క్షమాపణ చెప్పింది, 79 డాలర్ల బ్యాటరీ మార్పిడిని 29 డాలర్లకు తగ్గించింది. అయినా 2020లో ఫ్రాన్సు ప్రభుత్వం రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది. వేగం తగ్గించినందుకు కాదు, తగ్గిస్తున్నామని చెప్పనందుకు. అమెరికాలో వినియోగదారులు వేసిన దావా 50 కోట్ల డాలర్ల దాకా చెల్లించే రాజీతో ముగిసింది. ఐఫోను వాడేవాళ్ళు దాన్ని వదిలి ఎక్కడికీ పోలేదు కదా అని మీరు అడగవచ్చు. పోలేదు. ఫొటోలు, పరిచయాలు, అలవాట్లు అన్నీ అందులో చిక్కుకున్నాక పోవడం కష్టం. కదలలేక ఉండిపోవడాన్ని విశ్వాసం అనుకోవడమే పెద్ద కంపెనీల భ్రమ అని నా అభిప్రాయం.

మన వీధుల్లో అందరూ చూసింది నోకియా బ్యాటరీ గొడవ. 2007 ఆగస్టులో బీఎల్-5సీ అనే రకం బ్యాటరీల్లో 4 కోట్ల 60 లక్షలు చార్జింగ్‌లో వేడెక్కే ప్రమాదం ఉందని నోకియా తనంతట తానే ప్రకటించింది. మత్సుషిత అనే జపాను కంపెనీ 2005 డిసెంబరు, 2006 నవంబరు మధ్య చేసినవి అవి. వెనక ఉన్న 26 అక్షరాల నంబరు చూసుకొని, ఆ జాబితాలో ఉంటే ఉచితంగా మార్చుకోమన్నారు. అప్పుడు మన దగ్గర ఫోనంటే నోకియానే. స్టాఫ్‌రూములో అందరం ఫోన్ల వెనక మూతలు తీసి, కళ్ళద్దాలు సవరించుకుంటూ ఆ నంబర్లు చదువుకున్నాం. సర్వీసు సెంటర్ల ముందు క్యూలు కట్టారు. భయపడ్డారు గాని, ఆ భయంతో నోకియాను వదిలినవాళ్ళు నాకు తెలిసి లేరు. కొన్నేళ్ళ తర్వాత నోకియా మూలపడింది, నిజమే. అది టచ్ ఫోన్ల కాలాన్ని అందుకోలేక జరిగింది, బ్యాటరీ నిజం చెప్పినందుకు కాదు. నిజాయితీ ఉంటే వ్యాపారం ఎన్నటికీ మునగదని నేను పిల్లలకు చెప్పను. మునగవచ్చు, కారణాలు సవాలక్ష.

లోపం జరిగాక దాన్ని బాగా సరిదిద్దితే, లోపమే జరగని కొనుగోలుదారుడి కంటే ఎక్కువ తృప్తి కలుగుతుందని 1990లలో అమెరికా పరిశోధకులు ఒక సూత్రం చెప్పారు. దానికి సర్వీస్ రికవరీ పారడాక్స్ అని పేరు. తర్వాతి పరిశోధనలు దాన్ని అంతగా బలపరచలేదు. తృప్తి పెరిగినా, మళ్ళీ కొంటారన్న హామీ లేదని, రెండోసారి అదే లోపం వస్తే మొదటి మెప్పంతా పోతుందని తేలింది. నోట్ 7కు మొదటి పిలుపు తర్వాత జరిగింది అదే.

మన ఫిఖ్హ్ గ్రంథాల్లో దీనికి ఖియారుల్ ఐబ్ అనే అధ్యాయం ఉంది. అమ్మకానికి ముందే వస్తువులో ఉన్న లోపం, కొన్నవాడికి తెలియని లోపం తర్వాత బయటపడితే, బేరం రద్దుచేసి వెనక్కి ఇచ్చే హక్కు అతనిది. వారంటీ కాగితం పుట్టక ముందే ఉన్న వారంటీ ఇది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) స్వయంగా కూఫాలో బట్టల వర్తకులు. ఒకసారి లోపమున్న బట్టను, లోపం చెప్పి అమ్మమని భాగస్వామికి ఇచ్చారట. ఆయన చెప్పడం మరచిపోయి అమ్మేశాడు. కొన్నవాడెవరో తెలియలేదు. ఇమామ్ గారు ఆ సొమ్మంతా దానం చేసేశారని వారి జీవిత చరిత్రల్లో ఉంది. ఇక్కడ మన దాతల్లో వ్యాపారులే ఎక్కువ కాబట్టి ఒక మాట చనువుగా అంటాను, నొచ్చుకోకండి. ఆయన దానం చేసింది కొన్నవాడు దొరకనందుకు. దొరికితే ఇవ్వాల్సింది అతనికే. కౌంటర్ ముందు బిల్లు పట్టుకొని నిలబడ్డవాణ్ణి పంపించేసి, ఆ మిగులు నుంచి మనకు చందా రాస్తే లెక్క సరిపోదు.

చట్టం కూడా ఇప్పుడు కొంత దగ్గరకు వచ్చింది. 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోనంటే అది అక్రమ వ్యాపార పద్ధతి. ఫిర్యాదుకు 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. జిల్లా కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు కొనుగోలు మీద కేసుకు రుసుము లేదు.

ఇక మన ల్యాప్‌టాప్‌ల సంగతి. ఏడింటినీ తీసుకొని, కొన్న అంగడికి నేనూ కమిటీ సభ్యుడొకరూ వెళ్ళాం. అంగడి పేరు అనవసరం. బిల్లులో మూడు నెలల వారంటీ అని ఉంది, మేము వెళ్ళేసరికి గడువు దాటి తొమ్మిది రోజులు. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు ఆ తొమ్మిది రోజులే చూపించాడు. అమ్మాయి రెండు నెలల క్రితమే చూసిందన్నా వినలేదు. వారం తర్వాత యజమాని స్వయంగా ఫోను చేశాడు. "సార్, ఆ బ్యాటరీలు నేను వేయించినవే, ఒరిజినల్ కావు. బిల్లులో రాయాల్సింది, రాయలేదు" అన్నాడు. నాలుగు మార్చి ఇచ్చాడు. మిగతా మూడూ ఆ మోడల్‌కు దొరకలేదని డబ్బు తిరిగి ఇచ్చాడు. ఆ డబ్బు చాలక సొసైటీ సాధారణ నిధి నుంచి కొంత కలిపి మరోచోట వేయించాం. ఆ మొత్తం ఈ సంచికలోనే జమాఖర్చుల పట్టికలో విడిగా చూపించాం.

జకాత్ నిధి నుంచి మళ్ళీ తీయలేదు. జకాత్‌గా ఇచ్చిన వస్తువు ఇచ్చిన రోజే ఆ పిల్లల సొంతమైంది. కాబట్టి ఆ లోపం వల్ల నష్టపోయింది మనం కాదు, వాళ్ళు. కొన్నది మనం, పరీక్షించకుండా చేతిలో పెట్టింది మనం.

ఈ సంగతి సంచికలో రాయాలా వద్దా అని కమిటీలో గంటసేపు వాదన జరిగింది. దాతలు చిన్నబుచ్చుకుంటారని, వచ్చే రంజాన్‌లో చందాలు తగ్గుతాయని కొందరు పెద్దలు అన్నారు. వారి భయం అకారణం కాదు, తగ్గవచ్చు కూడా. ఆ అంగడిలోనే ఈసారి కూడా కొనాలా అన్నది ఇంకా తేలలేదు. నా ఓటు కొనాలనే, బ్యాటరీ ఏ కంపెనీదో ప్రతి బిల్లులో రాసిస్తే. ఈసారి పంచే ముందు ఒక్కొక్కటీ విప్పించి చూస్తాం, వారం పాటు నడిపి ఇస్తాం. ప్రతి విద్యార్థి చేతికీ ఒక చీటీ ఇస్తాం. చెడిపోతే చెప్పడం కృతఘ్నత కాదని, చెప్పకపోతే మాకు తెలియదని అందులో ఉంటుంది.

24లో ఇంకా రెండు ల్యాప్‌టాప్‌లు మేము చూడలేదు. ఆ ఇద్దరు అబ్బాయిలూ ఇంటర్ ముగించుకొని వేరే ఊళ్ళకు వెళ్ళారు, ఫోను నంబర్లు మారాయి. వారి కుటుంబాలు తెలిసినవారు ఎవరైనా ఉంటే, చార్జింగ్ పెట్టవద్దని ముందు చెప్పి, తర్వాత సొసైటీ ఆఫీసుకు కబురు చేయగలరు.